మిగిలిన సంగటి, పులిసిన కుండ

"జేజీ, ఇంట్లో మిగిలిన రాగిపిండి, అన్నం, బెల్లం పెట్టి బీరు చెయ్యొచ్చంట కదా, నీకేమన్నా తెలుసా?" అని బెంగుళూరు నుంచి మనవడు ఫోన్ చేశాడు. బీరు నేను చెయ్యలేదు, తాగలేదు. మిగిలినదాన్ని కుండలో వేసి పులియబెట్టడం మాత్రం మా అత్త చేతి నుంచి నా చేతికి వచ్చిన పని. అంగన్‌వాడీలో ఉన్నన్నాళ్ళూ రాగులు మొలకెత్తించి పిండి పట్టించడం తల్లులకు నేర్పాను. బీరుకూ అంబలికీ పుట్టిల్లు ఒకటే. అందుకే వాడికి ఫోన్లో చెప్పినవీ, ఫోన్లో చెప్పడం కుదరనివీ కలిపి రాస్తున్నాను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడాల్సిన వాన, అది కూడా నమ్మకం లేని అనంతపురం మెట్టనేల మీద నేర్చుకున్నవి ఇవి. 2022లో జిల్లా రెండయింది. పొయ్యి మీద ఎసరు రెండు వైపులా ఒకటే.

1. ఏం మిగిలిందని కాదు, ఏం కావాలని ముందు అడుగు.

గింజలో ఉండేది పిండి. ఈస్టుకు కావాల్సింది చక్కెర. పిండిని చక్కెరగా విరగ్గొట్టే ఎంజైమును గింజ మొలకెత్తేటప్పుడు తనే తయారు చేసుకుంటుంది. దాని పేరు అమైలేజ్. జర్మనీవాళ్ళు బార్లీని, మనం రాగిని మొలకెత్తించి ఎండబెట్టేది ఆ ఎంజైము కోసమే. అక్కడి నుంచి రెండు దారులు. పులుపు చేసే లాక్టిక్ బాక్టీరియాకు ముందు అవకాశం దొరికితే అంబలి. ఈస్టుకు చక్కెర, సమయం రెండూ దొరికితే ఆల్కహాలు, గ్యాసు.

నిన్నటి సంగటిని నీళ్ళలో పిసికి పెడితే తెల్లారేసరికి వచ్చేది పులుపే. అందులో మొలక లేదు, బెల్లం లేదు, మత్తు ఎక్కించేంత చక్కెర లేదు. ఈ తేడా తెలియకుండా ఇంట్లో ఉన్నవన్నీ ఒక కుండలో పోస్తే అటు అంబలీ కాదు, ఇటు బీరూ కాదు. చేతికందినదాంతో చెయ్యడం మంచి పనే. ప్రతి వస్తువూ కుండలో ఏ పని చేస్తుందో తెలిసి వేస్తేనే అది మంచి పని.

2. ఒక డబ్బా రాగి మొలకపిండి ఎప్పుడూ ఉంచుకో.

మిగిలినవాటిని పనికొచ్చేలా చేసేది ఇదొక్కటే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. రాగులు రాళ్ళు, మట్టి లేకుండా గాలించి రాత్రంతా నానబెట్టాల. మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చాల. పొద్దున వంచేసి, పలచని నూలుగుడ్డలో వదులుగా మూట కట్టి, గాలి తగిలే నీడలో వేలాడదీయాల. ఎండాకాలంలో ఒక రోజులో, చలికాలంలో రెండు రోజుల్లో తెల్లటి మొలక బయటికి వస్తుంది. మూట ఆరిపోకుండా నీళ్ళు చిలకరిస్తుండాల. మరీ తడిపితే మొలక రాక ముందే పాచివాసన వస్తుంది. తర్వాత పలచగా పరిచి ఎండబెట్టి, అరచేతుల మధ్య నలిపి వేళ్ళు రాల్చి, చెరిగేసి, చిన్న మంట మీద కమ్మటి వాసన వచ్చేంతవరకే వేడి చేసి మరపట్టించాల. మాడిస్తే ఎంజైము చస్తుంది. అప్పుడది రుచికి పనికొస్తుందే తప్ప గంజిని పలచన చెయ్యదు.

ఆ పిండి చేసే పని కళ్ళతో చూడొచ్చు. గరిటె నిలబడేంత చిక్కటి జావ కాచి దించి, పొగలు తగ్గాక, ఇంకా వేలు పెట్టి ఉంచలేనంత వేడిగా ఉన్నప్పుడే, ఒక చెంచా మొలకపిండి వేసి కలుపు. కొన్ని నిమిషాల్లో జావ జారుడుగా అవుతుంది. బీరు చేసేవాళ్ళు 65 డిగ్రీల దగ్గర బార్లీ పిండిని నానబెట్టి ఉంచేదీ సరిగ్గా ఇదే పని కోసం. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సి.ఎఫ్.టి.ఆర్.ఐ.లో దేశికాచార్, మల్లేశి వంటి శాస్త్రవేత్తలు 1980ల్లో ఈ రాగి మొలక గుణం మీద చాలా పనిచేశారు. పసిబిడ్డ పొట్ట చిన్నది. పలచగా కావాలని నీళ్ళు పోస్తే గిన్నె నిండుతుంది, బలం నిండదు. మొలకపిండితో పలచన చేస్తే అంతే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది. అంగన్‌వాడీ గుమ్మంలో ఎంతోమంది తల్లులకు చేసి చూపించాను. జావ జారడం చూసినప్పుడు వాళ్ళ ముఖాల్లో వచ్చే ఆశ్చర్యం నాకు ఎప్పుడూ పాతబడలేదు. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు.

3. పులియబెట్టి వండేది ఒకటి, వండి పులియబెట్టేది ఒకటి.

మొదటిది అంబలి. ఒక గ్లాసు రాగిపిండిని మూడు గ్లాసుల నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మట్టికుండలో మూతి మీద గుడ్డ కట్టి రాత్రికి ఉంచు. పొద్దున నాలుగైదు గ్లాసుల నీళ్ళు ఎసరు పెట్టి, మిగిలిన అన్నమో నూకలో అందులో ఉడకనిచ్చి, పులిసిన పిండిని సన్నటి ధారగా పోస్తూ తెడ్డు ఆపకుండా తిప్పు. పచ్చివాసన పోయి నిగనిగలాడే దాకా కాగాల. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఎర్రగడ్డ ముక్కలు, నలిపిన పచ్చిమిరపకాయ. ఉప్పు చివర్లోనే. ముందే వేస్తే పులుపు ఆలస్యం అవుతుంది.

రెండోది సద్ది సంగటి. రాత్రి మిగిలిన ముద్దను విరిచి, మునిగేంత నీళ్ళు పోసి, కాస్త మజ్జిగ తోడు వేసి ఉంచితే పొద్దున పిసుక్కుని తాగడమే. పక్కన శెనక్కాయల ఊరిబిండి ఉంటే పొలానికి పోయేవాళ్ళకు మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తు రాదు.

అన్నంతో జాగ్రత్త ఎక్కువ కావాల. వండిన అన్నాన్ని గోరువెచ్చగా గంటల తరబడి గిన్నెలో మూతపెట్టి వదిలేస్తే, వేడికి చావని బాక్టీరియా బీజాలు అందులో మేల్కొంటాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. కాబట్టి మిగిలిందని తెలిసిన వెంటనే వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టి, చల్లటి నీళ్ళూ మజ్జిగా పోసెయ్. పులుపు తొందరగా పుడితే చెడుకు చోటుండదు. మంచి అంబలి పీహెచ్ 4 దగ్గరికి దిగుతుంది. 4.6 కంటే కిందికి దిగితే ప్రమాదకరమైన బాక్టీరియాలు చాలావరకు పెరగలేవు. నాలుకకు అది మజ్జిగంత పులుపు.

మా చిన్నప్పుడు మిగిలేది సంగటే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక సీమ ఇళ్ళల్లో ముద్ద స్థానంలో అన్నం వచ్చింది, పొలంలో రాగి, కొర్ర స్థానంలో శెనక్కాయ అంతకుముందే పెరుగుతూ వచ్చింది. బియ్యం వచ్చిందని నేను బాధపడను. ఆకలి తీరింది. అయితే మిగిలేది మారినప్పుడు పులియబెట్టే పద్ధతి కూడా మారాలని ఎవరూ చెప్పలేదు, ఎవరూ నేర్పలేదు. ముద్దకు సరిపోయిన అలవాటును అన్నం మీద అట్లాగే నడిపారు.

4. మిగిలింది వేరు, చెడింది వేరు.

ఇది అన్నిటికంటే గట్టిగా చెబుతున్నాను. పులియబెడితే అంతా శుద్ధి అయిపోతుందని కొందరి నమ్మకం. కాదు. బూజుపట్టిన గింజలో ఉండే అఫ్లాటాక్సిన్ పులిసినా పోదు, ఉడికినా పూర్తిగా పోదు. అది కాలేయాన్ని తింటుంది.

ఈ విషం సంగతి లోకానికి తెలిసింది శెనక్కాయ వల్లే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. కారణం వెతికితే బ్రెజిల్ నుంచి తెప్పించిన శెనక్కాయ చెక్కలోని బూజు అని తేలింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా చనిపోతే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు పోయి పరిశోధించి అఫ్లాటాక్సినే అని చెప్పారు. ఆ గిరిజనులు తిన్నది పారెయ్యలేని పేదరికంలో తిన్న గింజ.

మన నేలకు ఈ ప్రమాదం ఇంకా దగ్గర. కాయ ఊరే చివరి వారాల్లో వాన మొహం చాటేస్తే, నేల వేడెక్కి, ఎండిన కాయలోకి ఆస్పర్‌జిల్లస్ బూజు భూమిలో ఉండగానే దూరుతుంది. అనంతపురం శెనక్కాయకు ఎప్పుడూ పడే కష్టం అదే. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు ఈ ప్రాంతంలో దాని మీద పనిచేసింది అందుకే. కాబట్టి ముడుచుకుపోయిన గింజ, రంగు మారిన గింజ, పురుగు తొలిచిన కాయ, నల్లగానో పచ్చగానో పొడి అంటిన గింజ వేరు చెయ్యి. వాటిని మనిషికి పెట్టొద్దు, పశువుకూ పెట్టొద్దు. ఆవు తిన్న అఫ్లాటాక్సిన్ మరో రూపంలో పాలలోకి వస్తుంది. కరువు సీమలో పుట్టినదాన్ని, గింజ పారెయ్యమని చెప్పడానికి నాకు నోరు రాదు. అయినా చెబుతున్నాను.

5. జొన్నను ఇంట్లో మొలకెత్తించొద్దు.

వాన వెనకబడి వాడిపోయి, మళ్ళీ చినుకుకు చిగురు వేసిన జొన్నపైరులోకి గొడ్డు పోతే ఏమవుతుందో సీమ రైతుకు తెలుసు. ఆ లేత చిగురులో ఉండే పదార్థం పొట్టలో సైనైడు విడుదల చేస్తుంది. గింజను మొలకెత్తించినా ఆ మొలకలో, వేరులో అదే పుడుతుంది. ఆఫ్రికాలో జొన్న మొలకతో బీరు చేసేవాళ్ళకు దాన్ని ఎండబెట్టి, వేళ్ళు తీసి, బాగా ఉడికించే పద్ధతి తరాలుగా వచ్చింది. మనకు ఆ అలవాటు లేదు. మొలకకు రాగి ఉండగా జొన్న ఎందుకు? మిగిలిన జొన్నపిండి సంగటికి, రొట్టెకు, గంజికి వాడుకో.

6. నీళ్ళను నమ్మే ముందు రుచి చూడు, పరీక్ష చేయించు.

బీరు చేసేవాళ్ళు నీళ్ళ గురించి పెద్ద చర్చ పెడతారు. పిల్సెన్ ఊరి నీళ్ళు మెత్తన కాబట్టి అక్కడ ఒక రకం బీరు, బర్టన్ ఊరి నీళ్ళలో జిప్సం ఉంది కాబట్టి ఇంకో రకం అంటారు. మన బోరు నీళ్ళకు అంతకంటే పెద్ద చిక్కు ఉంది. చాలా ఊళ్ళ నీళ్ళలో ఫ్లోరైడు. మరిగిస్తే అది పోతుందని అనుకుంటారు. మరిగించేకొద్దీ నీళ్ళు ఆవిరై ఫ్లోరైడు చిక్కనవుతుంది. పళ్ళ మీద గోధుమరంగు చారలు, వంగిపోయిన నడుములు నేను పనిచేసిన ఊళ్ళలో కళ్ళారా చూశాను. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్ళకు కొళాయి తెచ్చాక ఆ బరువు కొంత తగ్గింది. అంబలికి, గంజికి తాగే నీళ్ళే వాడాల. బోరు నీళ్ళు గింజలు గాలించడానికి, కుండ కడగడానికి చాలు. ఇంకో సంగతి, సున్నపు ఉప్పదనం ఉన్న నీళ్ళు పులుపును మింగేస్తాయి. మంచి తోడు వేసినా కుండ సరిగా పులవడం లేదంటే నీళ్ళను అనుమానించు.

ఒక లీటరు బీరు తీయడానికి ఫ్యాక్టరీలో నాలుగైదు లీటర్ల నీళ్ళు పడతాయి. అంబలికి పోసిన నీళ్ళన్నీ తాగేవే. బిందె మోసినదాన్ని కాబట్టి ఈ లెక్క నాకు ముఖ్యం.

7. పులుపుకు మట్టికుండ, లేదా స్టీలు.

ఇత్తడి, రాగి గిన్నెలకు కళాయి పోతే పులుపు లోహాన్ని కరిగిస్తుంది. సత్తు గిన్నె కూడా వద్దు. పులుసుకు వాడే రాచ్చిప్ప మంచిదే గానీ ఇప్పుడు దొరకడమే కష్టం. కొత్త మట్టికుండ అయితే గంజి పోసి రెండు మూడు సార్లు కాచి వాడు. సబ్బు పెట్టి తోమొద్దు, సబ్బును కుండ పీల్చుకుంటుంది. వేడినీళ్ళు, కొబ్బరిపీచు, ఎండ చాలు.

8. తోడును కాపాడు, ముక్కును నమ్ము.

బాగా పులిసిన రోజు గరిటెడు తీసి వేరే ఉంచి, మరుసటి కుండలో వెయ్యి. అదే కుండలో అదే పుల్లటి బాక్టీరియా తరతరాలుగా పెరుగుతుంటే, కొత్తగా వచ్చే చెడుకు పట్టు దొరకదు. 1876లో లూయీ పాస్టర్ ఫ్రాన్సులో బీరు మీద పెద్ద పుస్తకం రాసి, బీరు చెడిపోవడానికి కారణం లోపల దూరిన వేరే సూక్ష్మజీవులే అని చూపించాడు. 1883లో డెన్మార్క్ బీరు కంపెనీ కార్ల్స్‌బర్గ్‌లో హాన్సెన్ అనే శాస్త్రవేత్త ఈస్టును ఒక్క కణం నుంచి పెంచి శుద్ధమైన తోడు తయారు చేశాడు. మన ఆడవాళ్ళు మైక్రోస్కోపు లేకుండా మంచి రోజు తోడును ఏరి దాచుకున్నారు. పనిలో తేడా ఉంది, బుద్ధి ఒకటే.

1876 అంటే నాకు పాస్టర్ కంటే ముందు ధాత కరువు గుర్తొస్తుంది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, బళ్ళారిలో భాగం. సహాయ శిబిరాల్లో రాళ్ళు కొట్టే కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని బ్రిటిషు అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ కట్టడి చేశాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. 1952 కరువులో సీమ ఊళ్ళలో గంజి కేంద్రాలు పెట్టారు, చెంబు పట్టుకుని వరసలో నిలబడ్డ కథలు పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను. మిగిలినదాన్ని పులియబెట్టి మరో పూటకు నిలిపే చెయ్యి ఎందుకంత జాగ్రత్తగా ఉండేదో ఆ కథల్లో ఉంది.

వాసన సంగతి. మజ్జిగ వాసన, పచ్చి మామిడి వాసన, పండిన అరటిపండు వాసన వస్తే మంచిది. తీగ సాగితే, గులాబీ, నలుపు, ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తే, కుళ్ళు వాసన వస్తే పైది తీసేసి కిందిది వాడుకోవడం వద్దు, మొత్తం పారబొయ్యి. పులిసిన అంబలిని సీసాలో పోసి మూత బిగించి ఆఫీసుకు పట్టుకుపోవద్దు. మూత వదులు చెయ్యి, గ్యాసు పోవాల.

9. బీరు దాకా పోవాలంటే ముందు ఇవి వినాల.

మన ఆంధ్రప్రదేశ్‌లో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తుపానీయం తయారు చెయ్యడం నేరం. ఇంట్లో తాగడానికే అన్నా నేరమే. నాకు చట్టం కంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. ఆ గాలి మా ఊళ్ళకూ వచ్చింది. చేతిలో చీపుర్లు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది, 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. కూలి డబ్బు సాయంత్రానికి ఇంటికి చేరడం అంటే ఏమిటో ఆ కొద్ది కాలంలో చూశాం. ఆ సంతోషం చూసినదాన్ని, ఇంట్లో మత్తు కాచే పద్ధతి మనవడికి నేర్పలేను.

అయితే భయాన్ని అబద్ధంతో పెంచడం నాకిష్టం లేదు. కల్తీ సారా చావులకు ఎక్కువగా కారణం పులిసిన గింజ కాదు, అందులో కలిపిన పారిశ్రామిక మిథనాల్. తెలుగు ఊళ్ళల్లో కల్లు తాగి జనం పిచ్చిగా మారుతున్నారంటే తప్పు ఈతచెట్టుది కాదు, అందులో కలిపే క్లోరల్ హైడ్రేట్‌ది, నిద్రమాత్రలది. వంక గట్టున తెల్లవారుజామున దించిన ఈత నీరా తియ్యగానే ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ దానంతట అదే పులుస్తుంది.

10. ఇతరుల కుండలను గౌరవించు.

ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో చోళ్ళతో, అంటే మన రాగులతోనే, లందా అనే మత్తుపానీయం చేస్తారు. అది వాళ్ళకు పండగలోనూ పనిలోనూ భాగం. నేపాల్, సిక్కింలో అదే రాగిని పులియబెట్టి, వెదురు పాత్రలో వేడినీళ్ళు పోసి, గొట్టంతో పీల్చే తోంగ్బా ఉంది. ఉగాండాలోనూ రాగి బీరు ఉంది. అసలు రాగి పుట్టిందే తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలల్లో. రష్యాలో ఎండిపోయిన రై రొట్టె ముక్కలను నానబెట్టి క్వాస్ చేస్తారు. దాంట్లో మత్తు నామమాత్రం, పిల్లలూ తాగుతారు. మనవడు అడిగినదానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది నాకు క్వాస్ అనిపించింది. మిగిలిన గోధుమ రొట్టెలో అర చెంచా రాగి మొలకపిండి, కాస్త బెల్లం, మజ్జిగ తోడు వేసి ఒక్క రాత్రి మాత్రమే ఉంచి, పొద్దున వడకట్టి కుండలో చల్లబెట్టి తాగమన్నాను. ఒక రాత్రి దాటించొద్దని గట్టిగా చెప్పాను.

11. పిప్పి కుడితికి.

వడకట్టాక మిగిలిన పిప్పిని కాలువలో పోసేవాళ్ళను చూస్తే నాకు మనసు ఒప్పదు. బ్రూవరీలు కూడా బార్లీ పిప్పిని పారబొయ్యవు, పాడి రైతులు దాణాగా కొనుక్కుపోతారు. ఇంటి పిప్పి అయితే రాగులు కడిగిన నీళ్ళతో కలిపి కుడితి తొట్టిలో వెయ్యి. పుల్లటిది ఒక్కసారిగా ఎక్కువ పెడితే ఆవు కడుపులో ఆమ్లం పెరిగి మేత మానేస్తుంది, నెమరు ఆగిపోతుంది. మొదటి రోజు ఒక గుప్పెడు, ముందు ఎండుగడ్డి తిన్నాకే. పేడ పలచబడలేదంటే మరుసటి రోజు రెండు గుప్పెళ్ళు. బూజుపట్టిన పిప్పి అయితే తొట్టి దగ్గరికి కూడా తీసుకుపోవద్దు, దిబ్బలో పూడ్చు.